ఖండస్ఫుటిత జీర్ణోద్ధారణము



ఎవరి స్మృతికై మనమీ సాయంకాలము ఇచట సమావేశమైతిమో ఆ పెద్దలు తమ జీవితమునందలి సెలవు దినములన్నియు పాడుపడిన గుడులలో, ముండ్లకంపల నడుమ ఒంటిగా నిలిచిన శాసనస్తంభముల చెంత, తడికాగితమును శిలపై పఱచి, కుంచెతో అద్ది, సిరా పూసి, అక్షరముల ప్రతిబింబములు తీయుచు గడపినవారు. వారి శిష్యులలో నేను చివరివాడను. వారు నాచే చదివించిన తొలి శాసనములలో మాటిమాటికిని ఎదురైన సమాసమొకటి నేటికిని నా చెవులలో మ్రోగుచున్నది: ఖండస్ఫుటిత జీర్ణోద్ధారణము. విరిగినదానిని, పగిలినదానిని, కాలవశమున శిథిలమైనదానిని మరల నిలువబెట్టుట అని దాని యర్థము. ఊరిని దానమిచ్చిన రాజు గాని, మడిచెక్క నిచ్చిన సెట్టి గాని, దేవుని అంగరంగభోగములకింత, నైవేద్యమునకింత, అఖండదీపమునకింత అని వ్రాయించుచు, ఆ వరుసలోనే ఈ మాటను కూడ చేర్పించెడివాడు. గుడి కట్టిననాడే అది ఒకనాడు పగులునని ఆ దాత యెఱుగును. పగిలిననాడు బాగుచేయు పనివాని కూలి ఏ మడి పంటనుండి రావలయునో కూడ ఆనాడే నిర్ణయించి రాతిపై చెక్కించి పోయినాడు.

నేటి నా ప్రసంగమునకు ఆ సమాసమే విషయము. మన పూర్వుల కట్టడములను కాపాడుకొనుట యెట్లు అనునది ఒక ప్రశ్న. వానివలన నేటి ప్రజకు నాలుగు కాసులు వచ్చుట యెట్లు అనునది మఱియొక ప్రశ్న. ఈ రెండింటిని మనము రెండు వేఱు కార్యాలయములకు అప్పగించి, మొదటిదానిని ఖర్చుల పద్దులోను, రెండవదానిని రాబడి పద్దులోను వ్రాసికొని, ఏది యెక్కువ, ఏది తక్కువ యని తూచుచున్నాము. చాలకాలము ఈ తూకమునే నేనును నమ్మితిని. ఇప్పుడు నమ్మను. పాత కట్టడమును బాగుచేయు పనియే దానివలన కలుగు లాభములలో మొదటిదనియు, ఆ పనికి కూలి తీసినపిదపనే తక్కిన లాభములను లెక్కింపవలయుననియు నేడు మీ యెదుట మనవి చేయదలచితిని.

పాలంపేట రామప్పగుడిని చూడనివారు ఈ సభలో అరుదుగా నుందురు. కాకతి గణపతిదేవుని సేనానులలో నొకడైన రేచర్ల రుద్రుడు శకవర్షము 1135లో, అనగా క్రీస్తుశకము 1213లో, అచట రుద్రేశ్వరుని ప్రతిష్ఠించెను. 2021 జూలై 25వ తేదీన యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో అది చేరినది. తెలుగు రాష్ట్రములు రెండింటిలోను ఆ గౌరవమందిన మొదటి కట్టడ మదియే. నాటినుండి వచ్చు యాత్రికులు నీటిపై తేలు ఇటుకలతో కట్టిన శిఖరమును గూర్చియు, ఇసుక నింపిన పునాదిని గూర్చియు చెప్పుకొనుచు, చూరు క్రింద నిలిచిన నల్లరాతి మదనికల సోయగమునకు ముగ్ధులై, ప్రాకారము వెలుపలికి వచ్చి, వచ్చిన త్రోవనే మరలుచున్నారు. గుడికి అనతిదూరమున కొండల నడుమ నిండుగానున్న చెఱువును కొందఱు చూతురు. అయినను దానిని విహారస్థలముగా చూతురేగాని గుడిలో భాగముగా చూడరు.

ఆ చెఱువును కట్టించినవాడును రేచర్ల రుద్రుడే. గుడియు, చెఱువును, దాని క్రింది పొలములును, ఆ పొలములనాశ్రయించిన ఊరును కలిసి ఒక్క నిర్మాణము. కాకతీయ సామంతులు ఎచట గుడి కట్టించినను దాపున చెఱువును త్రవ్వించిరి. పాకాల, లక్నవరము, గణపురము చెఱువులు ఆ కాలపు బుద్ధికి నేటికిని నీటితో నిండిన సాక్ష్యములు. చెఱువు వలన వరి, వరి వలన ధాన్యము, ధాన్యము వలన దేవునికి నైవేద్యమును, నాట్యము చేయు మేళమునకు జీతమును, రాయి కదలిన కప్పును సరిచేయు కాసెవానికి కూలియును ఏర్పడినవి. చెఱువును మాత్రము ఎవరు కాపాడవలయును? దానికిని ఏర్పాటున్నది. చెఱువు త్రవ్వించినవానికి గాని, ఏటేట కట్టను పోషించువానికి గాని దాని క్రింద సాగగు నేలలో పదవవంతును మాన్యముగా విడుచుట మన దేశపు ఆచారము, దానినే దశబంధమనిరి. కట్ట తెగిన ఏడు మాన్యగాని మడియు ఎండును. కనుక కట్టను కాపాడుటయు తన కడుపును కాపాడుకొనుటయు వానికి ఒకటే పని అయినది. ఈ ఒక్క సూత్రమును మనము గ్రహించినచో నేను చెప్పవలసిన దానిలో సగము తీరినట్లే.

దశబంధపు మాన్యములు కాలక్రమమున రూపుమాసినవి. చెఱువులలో పూడిక పెరిగినది. తెలంగాణములో 2015లో మిషన్ కాకతీయ పేరిట చెఱువుల పూడిక తీయు పని పెట్టుకొన్నప్పుడు, ఆ నల్లమట్టిని రైతులు తమ బండ్లతో తామే తరలించుకొని పొలములకు తోలుకొనిపోయిన దృశ్యమును నేను చూచితిని. చెఱువు లోతెక్కినది, చేను సారమెక్కినది. బాగుచేయుటయే లాభమగుట యెట్లో నాకా దినము మట్టి వాసనతో సహా తెలిసినది.

అయితే ఊరివారికి కూలి దొరకిన ప్రతి పనియు కట్టడమునకు మేలు చేయునని నేననుట లేదు. దానికి విరుద్ధమైన కథ మన నేలపైననే కలదు. అది తలపునకు వచ్చినప్పుడెల్ల నా మనస్సు కలగును. కృష్ణాతీరమున అమరావతిలో, ఊరివారు దీపాలదిన్నె యని పిలుచుకొన్న దిబ్బ క్రింద, శాతవాహనుల కాలమున వికసించిన మహాచైత్యము నిద్రించుచుండెను. పదునెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన రాజధానిని అమరావతికి మార్చి నూతన నగరమును కట్టించుచుండగా, ఇటుకలకొఱకును రాళ్ళకొఱకును ఆ దిబ్బను త్రవ్వసాగిరి. ఆ వార్త విని కుంపిణీ సర్వేయరు కోలిన్ మెకంజీ 1797లో అచటికి వచ్చి చూచెను. మరల 1816లో చిత్రకారులతో వచ్చునప్పటికి దిబ్బ నడుమ కోనేటికై తీసిన గొయ్యి నోరు తెఱచుకొని యుండెను. ఎన్నో పలకలు అప్పటికే చెదరిపోయినవి. పలనాటి సున్నపురాయి అది. పాలవలె తెల్లనిది, చెక్కుటకు మెత్తనిది. ఆ గుణమే దానికి శత్రువైనది. బుద్ధుని జన్మవృత్తాంతములను, పూర్ణకుంభములను, పద్మములను ధరించిన పలకలను పగులగొట్టి సున్నపు బట్టీలలో వేసి కాల్చిరి. మిగిలినవానిలో కొన్నింటిని 1845లో కుంపిణీ అధికారి వాల్టర్ ఇలియట్ త్రవ్వించి మద్రాసుకు చేర్చెను. పిమ్మట వానిలో పెక్కులు సముద్రము దాటి లండనుకు పోయినవి. నేడు అమరావతి శిల్పమును చూడగోరు తెలుగువాడు చెన్నపట్టణమునకును, లండను బ్రిటిషు మ్యూజియమునకును పోవలయును. అమరావతిలో అతనికి దొరకునవి చైత్యపు పాదమును, ఒక చిన్న ప్రదర్శనశాలయును మాత్రమే.

నాయుడు మహాదాత, పుణ్యక్షేత్రములకు అతడిచ్చిన దానములను జనము నేటికిని చెప్పుకొందురు. అతనిని నిందించి మనము చేతులు కడుగుకొనజాలము. బట్టీ పెట్టినవానికిని బ్రదుకుతెరువు కావలయును గదా! సున్నము అమ్మగా కాసులు వచ్చినవి, ఇండ్లు లేచినవి, కూలివాని యింట పొయ్యి రాజినది. ఆనాటి లెక్కలో అది లాభమే. కాని విత్తనపు వడ్లను దంచి వండుకొన్న కాపు ఆ పూట కడుపునిండ తిని, మఱుసటి కారుకు ఏమి చల్లును? రెండువందల యేండ్లుగా అమరావతి ఊరు ఆ బట్టీలలో కాలినదాని వలన ఎన్ని తరములకు అన్నము పెట్టగలిగియుండెడిదో ఊహించుకొన్నచో, సున్నము అమ్మగా వచ్చిన కాసులు ఎంత కొద్దివో తెలియును.

నాగార్జునకొండ సంగతి వేఱు. అచట సాగరపు ఆనకట్ట నీటిలో లోయ మునుగునని ముందే తెలిసి, 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యమున త్రవ్వకములు జరిపి, కొన్ని కట్టడములను కొండపైకిని ఒడ్డున అనుపునకును తరలించి, తక్కినవానిని కృష్ణమ్మకు వదలిరి. ఆ లోయలోని ఇక్ష్వాకుల విజయపురి మునిగినందుకు నాకు దుఃఖము లేకపోలేదు. కుడియెడమ కాలువల క్రింద పండిన పంటను చూచినపుడు ఆ నిర్ణయమును తప్పు పట్టుటకు నోరు రాదు. ఏమి పోగొట్టుకొనుచున్నామో తెలిసికొని, కొలిచి, వ్రాసికొని పోగొట్టుకొన్నాము. అమరావతిలో ఆ పాటి ఎఱుక కూడ లేకపోయినది.

సున్నము మాట వచ్చినది గావున దాని మఱియొక కథను కూడ చెప్పెదను. హైదరాబాదున గోలకొండ కోటకు చేరువ 106 ఎకరముల నేలలో కుతుబ్‌షాహీల సమాధులు, మసీదులు, మెట్లబావులు నూఱుకు పైగా నున్నవి. ఇరువదవ శతాబ్దిలో చేసిన మరమ్మతులలో వానిపై సిమెంటు పూసిరి. మంచి యుద్దేశముతోనే పూసిరి. సిమెంటు గట్టిది, కాని పాత గోడ ఊపిరి పీల్చుకొనును, సిమెంటు దానిని పీల్చుకొననీయదు. లోపల చేరిన తేమ వెలికి రాలేక, లవణములతో కలిసి రాతిని ఇటుకను లోలోపల తినివేయును. 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని, అచట పని మొదలుపెట్టి, 2024లో ముగించినది. సిమెంటును ఒలిచివేసి, పూర్వమున్నట్లు డంగు సున్నముతోనే గచ్చు చేయించిరి.

డంగు సున్నము చేయుట మాటలతో తేలునది కాదు. రాతిని కాల్చి, నీటిలో దినములకొలది మాగవేసి, ఇసుక కలిపి గానుగలో నూఱవలయును. బెల్లము, కరక్కాయ నీరు, మారేడు గుజ్జు వంటివానిని ఏ పాళమున చేర్చవలయునో, చేతికి ఎంత జిగటగా తగిలినచో అది పక్వమైనట్లో పుస్తకము చెప్పజాలదు, చేతికే తెలియవలయును. సిమెంటు వచ్చినపిదప ఆ చేతులు మన ఊళ్ళలో పని లేక చల్లబడినవి. ఈ సమాధుల పనిలో వందలాది పనివారి చేతికి ఆ విద్య మరల వచ్చినది. నేనచటికి పోయిన ఒక ఉదయము, నడివయస్కుడైన మేస్త్రి యొకడు కమాను అంచున పూలతీగను గచ్చుతో దిద్దుచు, ప్రక్కనున్న పిల్లవాని చేతిని పట్టుకొని కరణెను ఏ వాలున నడుపవలయునో చూపుచుండెను. ఏ సున్నమునకై అమరావతిలో శిల్పములను కాల్చిరో ఆ సున్నమే ఇచట శిల్పమునకు ప్రాణము పోయుచున్నదని తోచి నాకు కన్నులు చెమర్చినవి. 2013 వానలకు కూలిన పెద్ద మెట్లబావిని రాయి రాయి ఏరి మరల కట్టిరి. అందు నేడు వాననీరు నిలుచుచున్నది. ఆ ప్రాంతపు మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారము వచ్చినది.

ఆ మేస్త్రి సంపాదించిన కూలి ఏ పర్యాటక నివేదికలోను రాబడిగా కానరాదు. నివేదికలు ఎంతమంది వచ్చిరి, ఎన్ని టికెట్లు తెగినవి, ఎన్ని హోటలు గదులు నిండినవి అని లెక్కించును. వానిని కాదనను. అయితే యాత్రికుల డబ్బు అతిథి వంటిది; ఒక యేడు వచ్చును, అంటువ్యాధి వచ్చిన యేడు రాదు. రాతికి పగులు మాత్రము ఏ యేడును ఆగదు. కావున మరమ్మతు పనిని నమ్ముకొన్న కుటుంబమునకు ఉన్నంత నిలకడ, యాత్రికుని నమ్ముకొన్న అంగడికి ఉండదు.

ఇక ఆ టికెట్టు డబ్బు పోవు త్రోవ యేది? కేంద్ర పురావస్తుశాఖ రక్షణలోనున్న కట్టడముల ప్రవేశరుసుము భారత సంచితనిధికి చేరును. శాఖకు కావలసిన ధనము వేఱుగా బడ్జెట్టులో వచ్చును. దేశమంతటికి ఒక్క బొక్కసము ఉండుటలో న్యాయము లేకపోలేదు. యాత్రికులు రాని మారుమూల గుడికి కూడ దానినుండియే దూలమును నిలుపవలయును గదా. కాని గుడి గుమ్మమున వసూలైన రూపాయకును, అదే గుడి కప్పునుండి కారుచున్న నీటికిని నడుమ నున్న సంబంధము ఊరివాని కంటికి కనబడకుండ పోయినది. ఖండస్ఫుటిత జీర్ణోద్ధారణమునకై ఫలానా మడి అని శిలపై చదివిన ఊరికి ఆ సంబంధము కనబడెడిది.

దీనికి తోడు 1958 నాటి చట్టమునకు 2010లో చేసిన సవరణ ప్రకారము, రక్షిత కట్టడమునకు 100 మీటర్ల లోపల క్రొత్త కట్టుబడి నిషిద్ధము. దానిపై మఱి 200 మీటర్ల వఱకు అనుమతి లేనిదే ఇటుక పేర్చరాదు. ఆ నియమము అవసరమే. అది లేకున్నచో మన గుడులను ఈపాటికి మేడలు మింగియుండెడివి. అయినను కొడుకుకు పెండ్లియైనదని ఒక గది వేసికొనగోరి, అనుమతికై కాగితములు పట్టుకొని తిరిగిన కాపు ఒకడు నాకు తెలియును. ఏ గుడికి లోకమంతయు మ్రొక్కుచున్నదో ఆ గుడి వాని పాలిటికి అడ్డంకి యైనది. లోకముకొఱకు ఆ మూడువందల మీటర్లలోని జనము మోయుచున్న బరువిది. గుడి వలన వచ్చు పనులలో, అంగళ్ళలో, కాపలా కొలువులలో, సున్నము నూఱు పనిలో, త్రోవ చూపు పనిలో మొదటి హక్కు వారికి ఉండవలయుననుట దయాభిక్ష కాదు. వారి బరువునకు కూలి.

హంపిలో ఈ మాట మఱచినందున కలిగిన వేదనను మీరెఱుగుదురు. 1986లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆ నగరము, తుంగభద్రపై తలపెట్టిన వ్రేలాడు వంతెనల కారణముగా 1999లో ప్రమాదస్థితి జాబితాలో పడి, 2006లో దానినుండి బయటపడినది. పిమ్మట 2011లో విరూపాక్షుని గుడి యెదుటి వీధిలో, రాతి మండపములను ఆనుకొని ఇండ్లు, అంగళ్ళు కట్టుకొన్నవారిని తొలగించి, వారి కట్టడములను కూల్చివేసిరి. రాతి స్తంభములకు మేకులు కొట్టి, సిమెంటు గోడలు లేపి, మండపములను పాడుచేసినమాట నిజమే. దానిని ఎవరును సమర్థింపరాదు. కాని ఆ వీధి పుట్టుకయే అంగడివీధి. కృష్ణరాయల నాడు వచ్చిన పోర్చుగీసు యాత్రికులు ఆ నగరపు అంగళ్ళను చూచి విస్తుపోయి వ్రాసికొన్నారు. కొబ్బరికాయ అమ్మునది, పూలు గ్రుచ్చునది, కాఫీ పోయునది లేని అంగడివీధి స్తంభముల వరుసయే గాని అంగడివీధి కాదు. మేకు కొట్టరాదు, గోడ లేపరాదు, దుకాణము ఇంత వెడల్పే, కప్పు గుడ్డదే, సాయంకాలము ఎత్తివేయవలయును అని కట్టుదిట్టములు చేసి, ఆ జనమునే ఆ వీధికి కాపలాదారులుగా చేసికొనుటకు ఏండ్ల తరబడి ఓర్పుతో కూర్చుండి మాట్లాడవలసియుండెడిది. అది కష్టమైన పని, కూల్చుట సులభము.

కష్టమైన పనికి చిన్న ఉదాహరణము మరల రామప్పలోనే చూపెదను. గర్భాలయ ద్వారము చెంత వేణువూదు కృష్ణుని శిల్పముండును. దానిని వ్రేలితో తట్టినచో స్వరము పలుకును. త్రోవ చూపువారు ప్రతి బృందమునకును దానిని తట్టి వినిపింతురు. విన్నవారు ముచ్చటపడి తామును తట్టుదురు. ఆ ముచ్చట వెంట నాలుగు రూపాయలు ఆ పేదవాని చేతిలో పడును. హంపి విఠలాలయములోని సంగీత స్తంభములను తట్టరాదని ఏనాడో నిషేధించిరి. ఇచటను నిషేధించినచో శిల మిగులును. కాని త్రోవ చూపువాని కథలో రసవంతమైన ఘట్టము పోవును. కావున నిషేధముతోపాటు అతనికి మఱియొక కథ నేర్పవలయును. ఆ కథ ఆ గోడలపైననే యున్నది. గణపతిదేవుని గజసేనాని జాయప వ్రాసిన నృత్తరత్నావళిని ముందుంచుకొని, రామప్ప గోడలపైని నర్తకుల భంగిమలను చూచి చూచి, నటరాజ రామకృష్ణగారు మఱుగున పడిన పేరిణి శివతాండవమును మరల లేపిరి. నేడు ఎందఱో బాలురు పేరిణి నేర్చుచున్నారు. దానిని నేర్పి బ్రదుకు గురువులున్నారు. ఒక సేనాని కట్టించిన గోడ, ఏడువందల యేండ్ల పిదప, ఒక కళకు పాఠ్యపుస్తకమైనది. ఆ శిల్పముల అంచులు అరిగిపోయియున్నచో రామకృష్ణగారు దేనిని చదివియుందురు? ఈ సంగతిని ఆ త్రోవ చూపువాడు శ్రద్ధగా చెప్పగలిగిననాడు, వానికి వ్రేలితో తట్టవలసిన అవసరముండదు; విన్నవాడు నాలుగు రూపాయలకు బదులు పది యిచ్చును. అట్లు చెప్పుటకు శిక్షణయు, శిక్షణకాలమున భృతియు ఇచ్చుట మరమ్మతు ఖర్చులలో భాగమే యని నా అభిప్రాయము.

అట్లే దుర్గిలోను ఆళ్ళగడ్డలోను ఉలి పట్టు కుటుంబములు నేటికిని కలవు. పాత గుళ్ళ పనికి రాయి చెక్కువాడు కావలసినప్పుడు, ఎచటనుండియో గుత్తేదారును పిలిచి, చవుకగా చేయువానికి అప్పగించు పద్ధతిని మార్చి, ఆ చేతులనే వెదకి పిలువవలయును. ఉలి చప్పుడు వినని ఊరిలో శిల్పము కొంతకాలమునకు వట్టి రాయిగానే కనబడును.

నా మనవిని ఒక చిన్న కోరికతో ముగించెదను. రక్షిత కట్టడములన్నిటి గుమ్మములలోను నీలిరంగు పలక యొకటి యుండును. ఈ కట్టడమును పాడుచేసినవారికి రెండేండ్ల వఱకు కారాగారమో, లక్షరూపాయల వఱకు జరిమానాయో, రెండునో అని దానిపై వ్రాసియుండును. పాలంపేటలో ఆ పలకను దాటి లోనికి పోయినచో రేచర్ల రుద్రుని శాసనస్తంభము కనబడును. ఎవరు కట్టిరి, ఏ దేవునికి, ఏ ఊళ్ళ నిచ్చిరి అని అది చెప్పును. మన శాసనముల చివర ధర్మమును చెఱచినవానికి శాపముండుట నిజమే. కాని శాపము చివర వచ్చును, లెక్క ముందు వచ్చును. మనము శాపమును మాత్రమే నిలుపుకొని లెక్కను విడిచితిమి. ఆ నీలిపలక ప్రక్కన మఱియొక పలక పెట్టుడు. ఈ యేడు ఈ గుమ్మమున వచ్చినదింత, ఈ గుడి మరమ్మతునకు ఖర్చయినదింత, ఈ ఊరివారికి కూలిగా ముట్టినదింత అని తెలుగులో, ఊరివాడు నిలబడి చదువుకొనదగిన అక్షరములతో వ్రాయుడు. మొదటి యేడు ఆ అంకెలు చిన్నవిగా నుండవచ్చును, సిగ్గుపడవలసినంత చిన్నవిగా నుండవచ్చును. అయినను ఏటేట ఉగాదినాడు పాత అంకెలను తుడిచి క్రొత్తవి వ్రాయుడు. దానికగు రంగునకును, పలకకును, వ్రాయువాని కూలికిని ఈ స్మారకోపన్యాస ధర్మనిధినుండి మొదటి సంవత్సరము ఇచ్చుటకు నిర్వాహకులు అంగీకరించినచో, ఆ మొదటి పలకను పాలంపేటలో పెట్టుటకు అనుమతి అర్జీని నేనే వ్రాసి తెచ్చెదను.